మాట ఏ దారిన పోయిన క్షేమము?

(సంఘము మాసిక సమావేశమునందు చేయబడిన ఉపన్యాసపాఠము)



గత సమావేశమున మన పఠనాలయమునకును కార్యాలయమునకును ఇంటర్నెట్ సౌకర్యము కల్పించు విషయము చర్చకు రాగా, సభ్యులు మూడు పక్షములైరి. తీగద్వారా వచ్చునదే భద్రము, గాలిలో వచ్చుదానిని దారిన పోవువాడును పట్టుకొనునని కొందరు పలికిరి. ఈ కాలమున తీగలు లాగువారెవరు, వైఫై చాలునని మరికొందరనిరి. ఫైబర్ వచ్చినది గదా, దానినెవ్వరును తాకజాలరని ఇంకను కొందరు వాదించిరి. ముప్పది సంవత్సరములకు పైగా టెలిఫోను శాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను గనుక, ఈ తగవు తీర్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. తీర్పు చెప్పుటకు నేను న్యాయమూర్తిని గాను. అయినను మూడు పక్షములవారును కొంత నిజము చెప్పిరనియు, మూడు పక్షములవారును ఒక సంగతి మరచిరనియు మాత్రము మనవి చేయగలను.

ఇది వట్టి యంత్రముల ముచ్చట గాదు. మన కార్యాలయపు కంప్యూటరులో సభ్యకుటుంబముల పట్టిక కలదు. పిల్లల విద్యార్థివేతనపు దరఖాస్తులు, ధ్రువపత్రముల నకళ్లు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరములు కలవు. అవి మన సొత్తు గావు. మనలను నమ్మి అప్పగించినవారి సొత్తు.

ముందుగా మా యింటి సంగతి యొకటి చెప్పుట కనుమతింపుడు. 1974వ సంవత్సరమున మా అక్కయ్య వివాహము నిశ్చయమైనది. మా అమ్మగారికి పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన పొలము నెల్లూరు జిల్లాలో రెండెకరములుండెను. దానిని విక్రయించి పెండ్లి చేయవలెనని మా నాయనగారి సంకల్పము. ఆనాడు ఈ ఊరినుండి అచటికి నేరుగా డయలు చేయు వసతి లేదు. ట్రంక్ కాల్ బుక్ చేసి, మూడుగంటలు కాచుకొని, మా మామయ్యతో మాటలాడిరి. ముహూర్తము నెలలోపుననే యున్నదనియు, వచ్చిన ధరకు తెగనమ్ముమనియు గొంతెత్తి చెప్పిరి. మెల్లగా మాటలాడుడని అమ్మ వారింపగా, ‘ఈ తమిళదేశమున మన తెలుగు ఎవరికి తెలియునే!’ అని నవ్విరి.

వారము తిరుగకమునుపే, కొనుటకు వచ్చిన పెద్దమనిషి ‘మీకు తొందర యట గదా’ యని ఎకరమునకు మూడువందల రూపాయలు తగ్గించి అడిగెనని మామయ్య ఉత్తరము వ్రాసిరి. ఆ మాట ఎవరినోట వెడలినదో నేటికిని తెలియదు. కాని నేను శాఖలో చేరి ట్రంక్ బోర్డును కన్నులార చూచినపుడు ఒక సంగతి తెలిసినది. ఆపరేటరు ఒక త్రాటికొనను ఒక రంధ్రమునను, రెండవ కొనను మరియొక రంధ్రమునను గ్రుచ్చి, మాట కలిసినదా లేదా యని మీట నొక్కి వినవలెను. వినుట ఆ యుద్యోగమున తప్పనిసరి. విన్నది మరచుట ఉద్యోగి ధర్మము. పైగా తీగకు రెండు కొనలుండునని మా నాయనగారు మరచిరి. ఈ కొన తమిళదేశమున నున్నను ఆ కొన తెలుగుసీమలోనే యున్నది గదా!

భద్రత యనగా నేమి?

మాట భద్రముగా చేరుట యనగా మూడు సంగతులు. పరులు వినకుండుట మొదటిది. దీనిని గోప్యత యందుము. దారిలో ఎవ్వరును మార్చకుండుట రెండవది, ఇది యథార్థత. వలసిన వేళకు చేరుట మూడవది, ఇది అందుబాటు. ఏ దారి మంచిదని యడుగునపుడు ఈ మూడింటిలో దేనికి మంచిదని కూడ అడుగవలెను. ఒకదానికి మేలైన దారి మరియొకదానికి కాకపోవచ్చును.

రాగితీగ

తీగలో విద్యుత్తు ప్రవహించునపుడెల్ల దాని చుట్టును అయస్కాంతక్షేత్రము ఏర్పడును. మాటతోపాటు విద్యుత్తు మారును. విద్యుత్తుతోపాటు ఆ క్షేత్రమును మారును. కావున రాగితీగను కోయకయే, చెంత మరియొక తీగచుట్టనుంచి లోపలి మాటను పసిగట్టవచ్చును. రెండు తీగలను పురిపెట్టినచో ఒకదాని క్షేత్రము రెండవదాని క్షేత్రమును చాలవరకు రద్దుచేయును. గ్రాహంబెల్ 1881లోనే ఈ ఉపాయమునకు పేటెంటు పొందెను. నేటికిని రౌటరునుండి కంప్యూటరునకు పోవు తీగలో ఎనిమిది సన్నతీగలు నాలుగు జతలుగా పురిపెట్టబడియుండును. ఒక సంభాషణ మరియొకదానిలో కలియకుండ చేయుటకే ఆ పురి. దానివలన బయటకు చిందునది కొంత తగ్గును, బొత్తిగా మానదు.

ఆచరణలో ఇంత శాస్త్రముకూడ అక్కరలేదు. వీధిమూలనుండు ఇనుపపెట్టె తలుపు ఊడి వ్రేలాడుచుండగా నేనెన్నిమారులు చూచితినో చెప్పలేను. లైన్‌మన్ చేతి టెలిఫోనుకు రెండు కొక్కెములుండును. అట్టిది యొకటి సంపాదించిన ఎవడైనను ఆ వీధిలోని యే యింటి మాటనైనను వినగలిగెడివాడు.

సముద్రగర్భమున నున్న తీగకును ఇదే గతి పట్టినది. రష్యాకు తూర్పున ఓఖోట్‌స్క్ సముద్రములో సోవియట్ నౌకాదళపు తీగ యుండెను. 1970 దశాబ్ది ఆరంభమున అమెరికా జలాంతర్గామి యొకటి సుమారు 120 మీటర్ల లోతున దానిని కనుగొనగా, గజ ఈతగాండ్రు తీగను కోయకయే దానిపై ఒక యంత్రమును తొడిగి మాటలను ముద్రించిరి. జలాంతర్గాములు మరల మరల పోయి ఆ టేపులను తెచ్చెడివి. ఇంత లోతున ఎవరు విందురను ధైర్యముతో సోవియట్‌వారు ఆ తీగపై పెక్కు సంభాషణలను రహస్యలిపిలోనికి మార్పకయే పంపిరట. ఈ గుట్టు 1980లో రట్టయినది. అదియు యంత్రలోపమున గాదు. అమెరికా రహస్యశాఖలో పనిచేసి మానిన ఉద్యోగి యొకడు సొమ్మునకు ఆశపడి చెప్పుటవలన. దారి భద్రమను నమ్మకమే తాళము వేయుటను మరపించునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఫైబర్

గాజుపోగులో కాంతిని పంపి దూరదేశములకు మాటను చేర్చవచ్చునని, గాజులోని మాలిన్యమును తొలగించిన చాలునని 1966లో ఇంగ్లండునందు చార్లెస్ కావో నిరూపించెను. అందులకు 2009లో నోబెల్ బహుమానము పొందెను. మన చెన్నపట్టణమునుండి అండమానుకు 2020లో ప్రారంభమైన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రపు కేబులు ఇట్టి గాజుపోగుల కట్టయే.

గాజుపోగులో విద్యుత్తు పారదు గనుక పసిగట్టుటకు చుట్టును అయస్కాంతక్షేత్రము లేదు. కాంతి గోడలకు తగిలి లోపలికే మరలుచు పోవును. ఈ విషయమున రాగికంటె ఫైబర్ మేలనుట నిస్సంశయము. కాని ‘తాకజాలరు’ అనుట సరికాదు. పోగును గట్టిగా వంచినచో వంపుకడ కొంత కాంతి బయటకు చిందును. ఆ చిందినదానిని పట్టిన చాలును. ఐతే అట్లు చిందినంత మేర కాంతి తరుగును. కొననుండి వెలుగును పంపి, మరలి వచ్చిన వెలుగును కొలిచి, ఎన్నవ మీటరువద్ద తరుగు కలదో తెలిసికొను పరికరములు ఉన్నవి. కావున ఫైబర్ దొంగకు కష్టమైన దారి. కాపరికి కొంత సుళువైన దారి. అయితే కాపరి చూచుచుండవలెను.

దొంగ వీధిలోనే యుండునను నియమము లేదు. సముద్రపు కేబులు ఒడ్డుకెక్కు చోట బ్రిటిష్ రహస్యశాఖవారు ఫైబర్‌లోని సందేశములను రాశులుగా సేకరించుచుండిరని 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రములవలన లోకమునకు తెలిసినది. పోగు ఎంత మంచిదైనను ఎచటనో యొకచోట అది యొకరి గదిలోనికి పోవలెను గదా.

మనయింటికి వచ్చు ఫైబర్‌గూర్చి ఇంకొక సంగతి. ఎక్స్ఛేంజినుండి బయలుదేరిన ఒక్క పోగును వీధిలో చిన్నగాజుపరికరముతో చీల్చి 32 ఇండ్లకో, 64 ఇండ్లకో పంచెదరు. ఎక్స్ఛేంజినుండి దిగివచ్చు వెలుగు ఆ యిండ్లన్నింటికిని ఒక్కటే. పొరుగింటికి పోవు వార్తయు మీ గోడనున్న పెట్టెవరకు వచ్చును! మీ పెట్టె మీదానిని మాత్రమే యేరుకొనుటకును, తక్కినది చదువకుండుటకును ఒక్కొక్క యింటికి వేరువేరు రహస్యసంఖ్యతో తాళము వేయు ఏర్పాటు ఆ పద్ధతిలో కలదు. ఇచటకూడ కాపాడునది గాజు గాదు, తాళమే.

అందుబాటు విషయమున ఫైబర్ ప్రాణము సున్నితమైనది. రోడ్డు త్రవ్వు యంత్రము ఒక్క వేటుతో పేటకంతకును మాట లేకుండ చేయును. 2008 జనవరి చివర ఈజిప్టు తీరమున సముద్రపు కేబుళ్లు తెగినపుడు మనదేశములోని కార్యాలయములుకూడ తల్లడిల్లినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫైబర్ తీగను విద్యుత్ స్తంభములమీదుగా గ్రామములకు కొనిపోయినది. త్రవ్వకము లేదు గనుక వ్యయము తక్కువ, వేగమెక్కువ. కాని నేలలోని తీగకు లేని గాలివానభయము స్తంభముమీది తీగకు కలదు.

గాలిదారి

రేడియో తరంగమునకు గోడ లేదు. పంపువాడు ఒక్కనికే పంపదలచినను అది నలుదిక్కులకు పోవును. 1914 ఆగస్టులో తూర్పు ప్రష్యాయందు రష్యా సైన్యములు తమ కదలికల నుత్తరువులను రహస్యలిపి లేకయే రేడియోలో పంపుకొనగా, జర్మనులు వానిని విని టానెన్‌బర్గ్ యుద్ధమున ఘోరముగ ఓడించిరి. గాలిలో పలికిన మాటకు చెల్లించిన వెల యది.

వైఫై పుట్టిన క్రొత్తలో దానికొక తాళమును తయారుచేసిరి. తీగకున్నంత గోప్యత దీనికిని కలుగునని దాని పేరులోనే చెప్పుకొనిరి. 2001 నాటికే పండితులు దానిలోని లోపమును ఎత్తిచూపిరి. ఆ పాత తాళమునే నమ్ముకొనియున్న టీజేఎక్స్ అను అమెరికా దుకాణముల సంస్థనుండి దొంగలు కోట్లకొలది కార్డుల సంఖ్యలను అపహరించిన వార్త 2007లో వెల్లడియైనది. 2004లో డబ్ల్యుపిఏ2 అనియు, 2018లో డబ్ల్యుపిఏ3 అనియు గట్టితాళములు వచ్చినవి. నేటి రౌటరులలో ఇవి ఉండును. సంకేతపదము దీర్ఘమై ఊహకందనిదైనచో, మన గోడ కావల కూర్చున్నవానికి తరంగము దొరకును గాని అర్థము దొరకదు. సంకేతపదము లేకయే అందరికిని తెరచియుంచిన వైఫై మాత్రము సంతలో అరచి చెప్పుటతో సమానము. పైగా ‘రైల్వేస్టేషను’ అనియో ‘హోటలు’ అనియో పేరుపెట్టి దొంగయే యొక వైఫైని తెరచి కూర్చుండవచ్చును.

సెల్‌ఫోనుకును ఇట్టి చరిత్రయే కలదు. రెండవతరము పద్ధతిలో ఫోను తానెవరో టవరునకు నిరూపించుకొనవలెను. టవరు తానెవరో ఫోనునకు నిరూపింపనక్కరలేదు. అందువలన దొంగటవరు నిలిపి ఫోనులను మోసగించుట సాధ్యమైనది. మూడవ, నాలుగవ తరములలో రెండువైపులవారును నిరూపించుకొను పద్ధతి వచ్చినది.

గాలిదారులలో మిక్కిలి బాహాటమైనది ఉపగ్రహపు దారి. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తుననున్న ఉపగ్రహమునుండి దిగు తరంగము ఖండములమీద పరచుకొనును. 2025లో కాలిఫోర్నియా, మేరీలాండ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు అంగడిలో దొరకు సుమారు 800 డాలర్ల సామగ్రితో మేడపై పళ్లెము నిలిపి వినిచూడగా, ఫోను సంభాషణలు, సంస్థల ఆంతరంగిక వార్తలు అనేకము తాళము లేకయే దిగివచ్చుచుండెను. ఆకాశమువంక ఎవరు చెవియొగ్గుదురను ధీమాయే దానికిని కారణము. ఓఖోట్‌స్క్ సముద్రపు ధీమాయే ఆకాశమున కెక్కినది.

ఇంత చెప్పినను గాలిదారిని తీసివేయరాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును కూల్చినపుడు తీగలును టవరులును ఒక్కమారే పడిపోయినవి. అట్టి వేళల ఉపగ్రహపు ఫోనులును చేతిరేడియోలును ఆదుకొనును. గోప్యతలో వెనుకబడిన గాలిదారి అందుబాటులో ముందు నిలుచును.

దారి గాదు, తాళము

1914 ఆగస్టులో యుద్ధము మొదలైన మరునాడే బ్రిటిష్ ఓడ యొకటి జర్మనీ సముద్రపు తీగలను కోసివేసినది. మొదట పోయినది అందుబాటు. స్వంత తీగ లేని జర్మనీ గాలినో, పరుల తీగనో ఆశ్రయింపవలసివచ్చినది. 1917 జనవరిలో జర్మన్ విదేశాంగమంత్రి జిమ్మర్‌మన్, మెక్సికోను తమవైపునకు త్రిప్పుకొను రహస్యవార్తను అమెరికా రాయబారుల తీగపైననే పంపెను. ఆ తీగ లండనుమీదుగా పోవుచుండెను. బ్రిటిష్‌వారు దానిని పట్టి, రహస్యలిపిని విప్పిరి. ఆ వార్త వెల్లడియగుటయు అమెరికా యుద్ధమున చేరుటకు ఒక కారణమైనది. దారి పరులదైనప్పుడు, తాళమును బలహీనమైనప్పుడు ఇట్లగును.

దీనికి ప్రతిగా మరియొక చరిత్ర కలదు. అల్పసంఖ్యాక భాషలవారమైన మనకు అది ప్రీతికరము. 1942 మొదలు పసిఫిక్ యుద్ధములో అమెరికా సైన్యము నవాహో జాతి యువకులచే రేడియోలో బాహాటముగ వార్తలు పలికించినది. జపానువారు విన్నను గ్రహింపలేకపోయిరి. నవాహో భాష ఎవరికిని తెలియదు గనుక నెగ్గిరని మనము చెప్పుకొందుము. అది సగమే నిజము. ఆ యువకులు తమ భాషపై మరల యొక సంకేతమును కట్టిరి. జలాంతర్గామిని ఇనుపచేప యనిరి, టాంకును తాబేలనిరి. జపానువారికి చిక్కిన నవాహో సైనికుడొకడు ఆ సంకేతము నేర్వనివాడగుటచే, తన మాతృభాషలోని పదములే వినుచుండియు భావము తెలియజాలకపోయెను. భాష మరుగు మాత్రమే, సంకేతమే తాళము. మా నాయనగారికి మరుగుండెను, తాళము లేకుండెను.

నేటి తాళమునకు ఎన్‌క్రిప్షన్ అని పేరు. మన ఫోను మాటను గణితముచే చిందరవందర చేసి పంపును. ఆవలి ఫోను మాత్రమే దానిని చక్కబరచును. నడుమ రాగియైనను, గాజైనను, గాలియైనను, విన్నవానికి ఇసుకరాశియే దొరకును. ఒక అక్షరము మార్చినను బయటపడునట్లు చేయుటయు ఈ విద్యలో భాగమే. అందువలన గోప్యతకును యథార్థతకును తాళమును నమ్మవలెను. అందుబాటునకు మాత్రము దారినే నమ్మవలెను. తెగిన తీగను ఏ గణితమును అతుకదు.

తాళమునకును పరిమితి కలదు. ఎవరు ఎవరితో ఎంతసేపు మాటలాడిరను సంగతిని అది దాచదు. కొనలను అసలే కాపాడదు. నేటి దొంగ స్తంభమెక్కుట లేదు, తీగ వంచుట లేదు. తానే ఫోను చేసి, పోలీసునని బెదరించియో, బ్యాంకువాడనని నమ్మించియో, మన నోటనే ఓటీపీ చెప్పించుకొనుచున్నాడు. మన పెద్దలు పలువురు పోగొట్టుకొన్న సొమ్ము ఈ దారిననే పోయినది. దీనికి ఫైబర్‌లో మందు లేదు.

మనము చేయదగినది

నా మనవి యిది. మొదటిది, కార్యాలయమునకు ఫైబర్ తెప్పింతము. సభ్యుల పట్టికయున్న కంప్యూటరునకు గోడవెంబడి తీగనే లాగుదము. అందరి కంటికిని కనబడు తీగను రహస్యముగ తాకుట కష్టము. రెండవది, పఠనాలయమునకు వచ్చువారికి వైఫై వేరుగా నుంచుదము. అది కార్యాలయపు కంప్యూటరును చేరకుండవలెను. రౌటరుతో వచ్చిన సంకేతపదమును ఆ దినమే మార్చి, ఏటేట మార్చుచుండవలెను. మూడవది, ఫైబర్ పెట్టెయు రౌటరును వరండాలో గాక తాళము గల గదిలో నుండవలెను. నాలుగవది, పట్టికను తాళము వేసిన రూపముననే దాచి, నకలు నొకదానిని వేరుచోట నుంచవలెను. ఐదవది, ఫైబర్ తెగిన దినమునకు ఒక సెల్‌ఫోను దారి సిద్ధముగ నుండవలెను. ఆరవది, అన్నింటికంటె ముఖ్యమైనది: ఫోనులో ఎవరడిగినను ఓటీపీ చెప్పరాదని మన యింటి పెద్దలకు పిల్లలు కూర్చుండి తెలుగులో నచ్చజెప్పవలెను. బ్యాంకువారి హెచ్చరికలు వారు చదువగల భాషలో రాకపోవచ్చును. ఆ లోటును తీర్చుటయు మన సంఘము పనియే.

అక్కయ్య వివాహము జరిగినది. పొలము తగ్గిన ధరకే పోయినది. మా నాయనగారు తరువాత చాలకాలము ఆనాడు గొంతు తగ్గింపనైతినే యని బాధపడుచుండిరి. గొంతు తగ్గించినను ప్రయోజనముండెడిది కాదు. బోర్డువద్ద కూర్చున్నవారికి గుసగుసయు వినబడును. ఆయన చేతిలో ఆనాడు తాళము లేదు. మన చేతిలో కలదు. దానిని వేయక, దారిపై నేరము మోపుట మనకు తగదు.